కెమెరాకి వేసిన పరుపు కుట్టు

బందరు,
జుమ్మా నమాజు అయ్యాక, కొట్లో కూర్చుని.

చిరంజీవి అద్నాన్‌కి మీ నాన్న ఇమామ్ సాహెబ్ దువా చేసి రాస్తున్నది.

అల్లా దయ వల్ల ఇక్కడ నేను బాగున్నాను, కొట్టు బాగుంది, మన ఒంటికన్ను పిల్లి నాకంటే బాగుంది. బాగా లేనిదల్లా మొన్నటిదాకా మీ అమ్మ మెడ ఒక్కటే. అదీ ఇప్పుడు నయం. నువ్వు పూణేలో వేళకి తిని వేళకి పడుకుంటున్నావని అనుకుంటున్నాను. అలా చేయకపోయినా చేస్తున్నానని రాయి, మీ అమ్మకి చెప్పడానికి నాకో మాట ఉంటుంది.

నీ ఉత్తరం ఇంటికి కాకుండా కొట్టు అడ్రసుకి రావడం చూసి ముందు కాస్త హడలిపోయాను. పోస్ట్‌మాన్ దాన్ని నా చేతిలో పెట్టి, కోర్టుదైతే కాదులెండి అని ధైర్యం చెప్పి వెళ్ళాడు. ఫోన్లో అయితే అమ్మ వింటుందని రాశావు, నిజమే. స్పీకరు పెట్టనిదే నాకు వినపడదు, పెడితే ఎదురింటివాళ్ళు కూడా నీకు జవాబు చెబుతారు. వాట్సాప్ అంటావా, ఆ ఫోను పగలంతా మీ అమ్మ దగ్గరే ఉంటుంది. అందుకని నేనూ కాగితమే పట్టుకున్నాను. ఏడో తరగతి మధ్యలో బడి గోడ దూకి వచ్చేసినవాణ్ణి. నా రాత పాత పరుపులో దూదిలాగా ఒకచోట ముద్దకట్టి, ఒకచోట పలచబడి ఉంటుంది. సర్దుకుని చదువుకో. జవాబు ఆలస్యమైంది కూడా. గుడివాడ పెళ్ళి అయ్యేదాకా ఆగాను. ఎందుకో చదువుతూ ఉంటే తెలుస్తుంది.

నువ్వు అడిగినవాటికి వరసగా చెబుతాను.

కొట్టు ఎలా ఉందన్నావు. బూరుగు కాయలు పగిలే రోజులు, మంచి దూది దొరుకుతోంది. ఫోము పరుపులు వచ్చాక మన పరుపులు ఎవరు కొంటారని నువ్వు భయపడ్డావు కదా, ఫోము మీద రెండు ఎండాకాలాలు పడుకుని వీపు ఉడికినవాళ్ళంతా మళ్ళీ మన దగ్గరికే వస్తున్నారు. వాళ్ళని నేనేమీ అనను. దబ్బనం చేత్తో పట్టుకుని నవ్వుతాను, అంతే.

ఇంకా జనాన్ని ఏడిపిస్తున్నావా అన్నావు. ఎక్కడరా, పెద్దవాణ్ణయిపోయాను. మొన్న ఒక్కటే. ఫోటో స్టూడియో హరిబాబు తన కుర్చీకి కొత్త దిండు కుట్టిమ్మంటే, దూది మధ్యలో వేయించిన అప్పడాలు పెట్టి కుట్టిచ్చాను. పాస్‌పోర్టు ఫోటో కోసం ఒక పెద్దమనిషి వచ్చి దాని మీద కూర్చున్నాడు. ఆ చప్పుడుకి తన ప్యాంటు చిరిగిందనుకుని ఫోటో అయ్యాక కూడా లేవలేదు. హరిబాబు టీ తెప్పించాడు, పేపరు ఇచ్చాడు, ఆయన కదలడే. చివరికి నేనే లుంగీ పట్టుకెళ్ళి లేపాను. ఆ ఫోటోలో ఆయన మొహం చూస్తే ఏ దేశంవాళ్ళూ రానివ్వరు.

మూడోది కెమెరా. ఇవాళ్టి నుంచి వారానికి, అంటే వచ్చే శుక్రవారం, మన వీధి సుహైల్ సెలవుకి పూణే నుంచి వస్తున్నాడు, తిరిగి వెళ్ళేటప్పుడు వాడి చేతికి నా కెమెరా ఇచ్చి పంపు, ఇక్కడ షాపులో పాతది ఇస్తే కొత్తది తక్కువకి ఇస్తున్నారు, అది అక్కడ ఊరికేగా పడుంది, అమ్మకి ఇప్పుడే చెప్పకు, కొత్తది కొన్నాక నేనే చెబుతాను అని రాశావు. దీనికి జవాబు ఆఖర్న రాస్తాను. మధ్యలోవి వదిలేసి ముందుకి దూకకు. నా కొడుకువి, దూకుతావని తెలుసు.

ఊరికే పడుంది అన్నమాట దగ్గర చాలాసేపు ఆగానురా. తప్పు నీది కాదు. నీకు మేము చెప్పలేదు. మీ అమ్మ చెప్పనివ్వలేదు, వాడు వచ్చినప్పుడు అన్నీ వరసగా పెట్టి చూపిద్దామంది. పోయిన బక్రీదుకి వచ్చినప్పుడు నువ్వు మీ అమ్మకి ఆ కెమెరా ఎలా పట్టుకోవాలో నేర్పి, డ్యూటీల వల్ల తీరిక లేదని బీరువాలో పెట్టి వెళ్ళావు. మీ అమ్మ పిల్లినీ, తులసి మొక్కనీ, నోరు తెరుచుకుని పడుకున్న నన్నూ తీస్తోందని నువ్వు అనుకుంటున్నావు. అవి తీసింది. అక్కడితో ఆగలేదు.

మన వీధి చివర అర్షియా పెళ్ళి నీకు గుర్తుండే ఉంటుంది, నీకు కార్డు వచ్చింది. ఫోటోలు హరిబాబువి. మన పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ వైపుకి మగవాళ్ళు రాకూడదు కదా, హరిబాబు ఎప్పుడూ పరదా దాకా వచ్చి ఆగిపోతాడు. కెమెరా లోపలికిచ్చి ఎవరో ఒకమ్మాయిని నొక్కమంటాడు. వచ్చే ఫోటోల్లో గాజులుంటాయి, మెహందీ ఉంటుంది, తలకాయలుండవు. ఆ రోజు మీ అమ్మ నీ కెమెరా సరదాకి పట్టుకెళ్ళింది. మర్నాడు కెమెరాలోని మెమరీ కార్డు తీసి హరిబాబు కంప్యూటర్లో పెట్టించాను. ఆయన ఒక్కొక్కటే పెద్దది చేసి చూశాడు. ఎవరు తీశారు బావా అన్నాడు. నేనే అన్నాను. నువ్వు తీసుంటే ఆడవాళ్ళ హాల్లోంచి నడిచి వచ్చేవాడివి కాదు, మోసుకొచ్చేవాళ్ళు, నిజం చెప్పు అన్నాడు.

అప్పట్నుంచి ఆడవాళ్ళ వైపంతా మీ అమ్మదే. హరిబాబు తన బోర్డు కింద 'ఆడవారికి ఆడ ఫోటోగ్రాఫర్ కలరు' అని రాయించాడు. ఆ ఆడ ఫోటోగ్రాఫర్‌ని స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని తిప్పే డ్రైవరు, బ్యాగు మోసే కూలీ, బిరియానీ తినే మనిషి, ముగ్గురూ నేనే. మన వాళ్ళ పెళ్ళిళ్ళే కాదు, హిందువుల ఇళ్ళల్లో పెళ్ళికూతుర్ని చేసేటప్పుడూ పిలుస్తున్నారు. నూనె రాసి నలుగు పెట్టే చోట మగవాడి కెమెరా ఉంటే పిల్ల బిగుసుకుపోతుందంట. మీ అమ్మ ఉంటే వదులుగా కూర్చుంటుందంట.

ఆవిడ ఎలా తీస్తుందో చెప్పమంటే నాకు చేతకాదు. కెమెరా మీద రాసున్న ఇంగ్లీషు అక్షరాలు ఆవిడ చదవదు. నువ్వు నేర్పినవి మర్చిపోకుండా ఉండటానికి, తిప్పే చక్రం మీద గోళ్ళరంగుతో చుక్కలు పెట్టుకుంది. ఇంట్లో ట్యూబులైటుకి ఎరుపు. బయట ఎండకి గులాబి. పరిగెత్తే పిల్లలకి మెరుపు చుక్క. చేత్తో తడుముతుంది, చుక్క దగ్గర వేలు ఆగుతుంది, అయిపోతుంది. కూర కలిపేటప్పుడు ఉప్పు డబ్బా వైపు చూస్తుందేమిటి ఎప్పుడైనా? అలాగే ఇదీ. పెళ్ళి లేని తెల్లవారుఝామున నన్ను లేపి గిలకలదిండి చేపల రేవుకి తీసుకెళ్ళమంటుంది. అక్కడ చేపలు వేలం పాడే సువార్తమ్మని తీసింది. నోరంతా తెరిచి, చెయ్యి పైకెత్తి, వెనక ఐసు ముక్కలు జారుతూ. హరిబాబు దాన్ని పెద్దది చేసిస్తే సువార్తమ్మ ఇంట్లో గోడకి పెట్టుకుని, అప్పు అడగడానికి వచ్చినవాళ్ళని ముందు దాని కింద నిలబెడుతోందంట.

ఇక మెడ సంగతి. నువ్వు డాక్టరుకి చూపించారా అన్నావు. చూపించాను. నీ కెమెరాతో వచ్చిన బెల్టు సన్నది, గట్టిది. మీ అమ్మ దాన్ని మెడలో దండలా వేసుకునేది. పెద్ద లెన్సు తగిలిస్తే పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఆ బరువంతా మెడ మీదే. దానికి తోడు వాడగా వాడగా బెల్టు చివర పీచు లేచింది, నేనూ చూసుకోలేదు.

నందివాడలో కోటేశ్వరరావు గారి మనవరాల్ని పెళ్ళికూతుర్ని చేస్తున్నారు. మీ అమ్మ పైనుంచి తీద్దామని పీట మీద పీట వేసుకుని ఎక్కింది. వంగిన క్షణంలో బెల్టు తెగింది. నేను గుమ్మం అవతల ఉన్నాను, నాకు మీ అమ్మ వీపే కనపడింది. కెమెరా పడలేదు. మీ అమ్మ మోకాళ్ళు మడిచి, చీర కుచ్చిళ్ళు ఒళ్ళో చాటలా పట్టి, అందులో పట్టుకుంది. ఆ పట్టుకోవడంలో తను పీటల మీంచి నేల మీదకి కూర్చుండిపోయింది. ఆడవాళ్ళు కంగారుగా లేపబోతే, ఉండండమ్మా అని అక్కడి నుంచే ఒకటి తీసింది. కిందనుంచి పైకి, నలుగుపిండి మొహంతో వంగి చూస్తున్న పెళ్ళికూతురు. వాళ్ళు ఆల్బమ్ అట్ట మీద వేయించుకున్నది అదే.

ఇంటికొచ్చాక మాత్రం మెడ తిరగలేదు. కుడివైపు నుంచి పిలిస్తే మనిషంతా తిరిగేది. నేను కావాలని కుడివైపు నుంచే పిలిచేవాణ్ణి. రెండోసారికి మరచెంబు వచ్చి తగిలింది కాబట్టి ఎడమ చెయ్యి బాగానే పనిచేస్తోందని తేలింది. డాక్టరు మాత్రలిచ్చి, బరువు మెడకి కాకుండా భుజం మీంచి అడ్డంగా వెయ్యాలమ్మా, వెడల్పు పట్టీ ఉండాలి అన్నాడు.

వెడల్పుగా, మెత్తగా, బరువు మోసేది కుట్టడమంటే అది నా పనే కదరా. బజార్లో కొందామంది మీ అమ్మ. పరుపులవాడి పెళ్ళానికి బజారు బెల్టా అన్నాను. నీలం చారల పరుపు గుడ్డ కత్తిరించి, మంచి బూరుగు దూది ఏరి కుట్టాను. మొదటిది చూసి మీ అమ్మ, ఇది నాకా, జట్కా గుర్రానికా అంది. నిజమే, దూది కాస్త ఎక్కువైంది. దాని మీద ఇప్పుడు మన పిల్లి పడుకుంటోంది. రెండోది కుదిరింది. భుజం మీద అరచెయ్యంత వెడల్పు, రెండు వైపులా సన్నబడి, చివర్న గట్టి నైలాను టేపు. ఎడమ భుజం మీంచి కుడి నడుం దాకా అడ్డంగా వేలాడుతుంది, కెమెరా చేతికి తనంతట తానే వచ్చి తగులుతుంది.

అందులో చిన్న వేషం కూడా వేశాను. పాత కాళ్ళపట్టీల నుంచి ఊడిన గజ్జె ఒకటుంటే, బెల్టు చివర దూది లేనిచోట గుడ్డ మడతలో పెట్టి కుట్టేశాను. నోరు తెరుచుకుని పడుకున్నప్పుడు ఆవిడ నా మీదకి కెమెరాతో రావడం నాకు ముందే తెలియాలి కదా. మీ అమ్మ భుజాన వేసుకుని రెండడుగులు వేసింది, ఆగింది, మళ్ళీ రెండడుగులు వేసింది. నేను పైకప్పు వైపు చూస్తున్నాను.

ఇక బెల్టుని కెమెరాకి తగిలించడం. కెమెరాకి రెండు పక్కలా చెవులుంటాయి కదా, ఆ చెవుల్లోంచి టేపు దోపి, బకిల్‌లో తిప్పి బిగించాలి. అప్పుడు కావాలంటే విప్పుకోవచ్చు. హరిబాబు తన పాత బ్యాగుకున్న బకిళ్ళు రెండు ఊడదీసి నాకు ఇచ్చాడు. నేను అవి పెట్టలేదు. టేపు చెవుల్లోంచి దోపి, వెనక్కి మడిచి, మైనం పట్టించిన దారంతో దబ్బనం వేసి కుట్టేశాను. పరుపు మధ్యలో దూది కదలకుండా వేసే ముడి కుట్టు ఉంటుంది చూడు, పరుపు చిరుగుతుంది గానీ అది ఊడదు, అదే కుట్టు. కెమెరా, బెల్టు ఇప్పుడు ఒక్కటే వస్తువు.

హరిబాబు చూసి కుర్చీలో కూలబడ్డాడు, అప్పడాల కుర్చీలోనే. కెమెరాకి పరుపు కుట్టు వేసినవాడు భూప్రపంచంలో నువ్వొక్కడివే బావా, బకిళ్ళు ఇచ్చాను కదా, మింగేశావా అన్నాడు. అలవాటైన చెయ్యి, అలా పోయింది అన్నాను. టీ కొట్టు దాకా పాకింది ఆ మాట. ఇమామ్ సాహెబ్ కెమెరాకి నికాహ్ చేశాడంటున్నారు. మాంసం కొట్టువాడు కూడా, చొక్కా గుండీలు పెట్టుకున్నావా, కుట్టేసుకున్నావా అని అడుగుతున్నాడు. ఇన్నేళ్ళు నేను ఈ ఊరిని ఏడిపించినదంతా వడ్డీతో తిరిగిచ్చేస్తున్నారు. నేనూ పళ్ళికిలించి ఊరుకున్నాను.

మీ అమ్మ కూడా నవ్వింది. నవ్వి, ఆ కుట్టు మీద బొటనవేలు పెట్టి నొక్కి చూసింది.

"మరి విప్పాల్సొస్తే ఎలాగయ్యా?"

"ఎందుకు విప్పడం?" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసింది. నేను నవ్వకుండా ఉన్నందుకు చూసిందో, ఇంకెందుకు చూసిందో తెలియదు. తర్వాత వెళ్ళి అన్నం వడ్డించింది.

ఆ బెల్టుతో వెళ్ళిన మొదటి పెళ్ళి గుడివాడలో మరియం అనే అమ్మాయిది. నేను మగవాళ్ళ వైపు హరిబాబు పక్కన కూర్చున్నాను. లోపల జరిగింది తిరుగు బస్సులో మీ అమ్మ చెబితే విన్నదే రాస్తున్నాను. హాల్లోకి వెళ్ళగానే గజ్జె మోగిందంట. అటు ఇటు పరిగెత్తుతున్న పిల్లలంతా ఆగి ఆ చప్పుడు వైపు చూశారంట. మీ అమ్మ క్లిక్కుమనిపించింది. కూర్చున్న ఆడవాళ్ళు తలెత్తారు, మళ్ళీ తీసింది. ఇటు చూడండమ్మా, ఇటు చూడండమ్మా అని అరవనక్కర్లేకుండా పోయిందంట. నేను ఏడిపించడానికి పెట్టినదాన్ని ఆవిడ పనిముట్టు చేసుకుంది. నా వేషాల్లో ఒక్కటి పనికొచ్చిందంటే అది మీ అమ్మ చేతిలో పడ్డందుకే.

మరియంకి నానమ్మ ఉంది. చిన్నప్పటి నుంచీ ఫోటో దిగని మనిషి. కెమెరా చూస్తే పైట మొహం మీదకి లాక్కుంటుంది. కొడుకుల పెళ్ళి ఫోటోల్లో కూడా ఆవిడ ఉన్నచోట ఒట్టి పైటే ఉందంట. పెళ్ళికూతురు మీ అమ్మ చెయ్యి పట్టుకుని, నానమ్మది ఒక్కటి తీయగలరా ఆంటీ అని అడిగింది. అడిగితే ఒప్పుకోదని అందరూ చెప్పారు. మీ అమ్మ అడగలేదు. వెళ్ళి ఆవిడ మంచం పక్కన నేల మీద కూలబడింది.

"పెద్దమ్మా, మీ ఫోటో నాకేం వద్దు. పొద్దుట్నుంచీ మోస్తున్నాను, కాసేపు దీన్ని మీ భుజాన ఉంచుకుంటారా? చెంగు సర్దుకుంటాను."

బరువు పట్టమంటే ఏ పెద్దావిడ కాదంటుంది? బెల్టు భుజాన వేయించుకుంది. చేత్తో నొక్కి చూసి, పరుపంత మెత్తగా ఉందే అంది. కదిలితే మోగింది. ఇదేమిటమ్మా అని అడిగింది.

"మా ఆయన పెట్టాడు పెద్దమ్మా. నేనెక్కడున్నానో ఆయనకి తెలియాలంట."

"అదృష్టవంతురాలివి. మా ఆయన నాకు కట్టుంటే, చప్పుడు వినపడ్డ వైపు కాకుండా రెండోవైపు వెళ్ళేవాడు."

హాలంతా నవ్వారు. ఆవిడా నవ్వింది, నవ్వుతూ ఎక్కడ నొక్కాలే దీన్ని అని అడిగి, మీ అమ్మ వైపు తిప్పి నొక్కేసింది. అప్పుడు మీ అమ్మ ఆ బెల్టు ఆవిడ భుజం మీంచి తియ్యకుండానే, కెమెరా మాత్రం మెల్లగా తన చేతిలోకి తీసుకుని, అంత దగ్గరగా, ఆవిడ నవ్వుతుండగా తీసింది. ఆవిడ పైట లాక్కోలేదు. ఒకటి కాదు, చాలా తీయించుకుంది. మరియం కెమెరా వెనకున్న చిన్న తెరలో చూసి ఏడ్చేసిందంట. ఆ పిల్ల అమ్మ వచ్చి మీ అమ్మ చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుందంట. ఇదంతా బస్సులో చెబుతూ మీ అమ్మ మధ్యలో నిద్రపోయింది. కెమెరా ఒళ్ళో, బెల్టు భుజాన. బస్సు కుదిపినప్పుడల్లా గజ్జె మోగుతోంది. మెడ నొప్పి అనలేదు. దారిపొడవునా నేను ఎవరినీ ఏడిపించలేదు, కండక్టర్ని కూడా.

ఆ పెద్దావిడ తీసిన ఫోటో ఈ కవర్లో పెట్టాను, చూడు. వంకరగా ఉంది, మీ అమ్మ నుదురు సగం ఎగిరిపోయింది. అయినా చూడు. మన ఇంట్లో మీ అమ్మ ఫోటోలు రెండే ఉన్నాయి. పెళ్ళిది ఒకటి, అందులో తల వంచుకుని ఉంది. ఆధార్ కార్డు మీదది ఇంకొకటి, అందులో ఇప్పుడే పోలీసులు పట్టుకున్నట్టు ఉంది. ఇది మూడోది. చెంగు నడుముకి దోపుకుని నేల మీద కూర్చుని నవ్వుతున్న ఈ మనిషిని, నేను చెబుతున్నాను, నేను కూడా ఇంతకు ముందు చూడలేదు.

ఇప్పుడు నీ కెమెరా మాటకి జవాబు.

నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను కొట్లో ఆ బెల్టే కుడుతున్నాను. కెమెరా బల్ల మీద ఉంది. హరిబాబు ఇచ్చిన బకిళ్ళు రెండూ దాని పక్కనే ఉన్నాయి. టేపు ఒక బకిల్‌లో సగం దోపాను కూడా. పోస్ట్‌మాన్ వెళ్ళాక చదివాను. చదివి, బకిల్‌లోంచి టేపు వెనక్కి లాగేసి, రెంటినీ జేబులో వేసుకుని, దబ్బనం తీసుకున్నాను. చెయ్యి అలవాటుగా పోలేదురా. తెలిసే కుట్టాను. ఎవరైనా దాన్ని సుహైల్ చేతికి ఇవ్వాలంటే మీ అమ్మ ముందు నిలబడి కత్తెర పెట్టాలి, ఆ పని చేయడం నాకు చేతకాకూడదని కుట్టాను. ఊరందరినీ నవ్వించడానికి చాలా చేశాను. ఇదొక్కటే నవ్వించడానికి కాకుండా చేశాను, దీనికే అందరూ ఎక్కువ నవ్వారు.

తండ్రిగా ఇది న్యాయం కాదని నాకు తెలుసు. కెమెరా నీది. మొదటి జీతంతో కొనుక్కున్నావు, డబ్బాతో సహా ఒళ్ళో పెట్టుకుని రైల్లో పడుకోకుండా వచ్చావు. అక్కడి కొండలూ జలపాతాలూ తీయాలని నీకెంత ఇష్టమో తెలుసు. మీ అమ్మకి వేరేది కొనొచ్చు కదా అంటావు. హరిబాబు తన రెండో కెమెరా ఇస్తానన్నాడు కూడా. ఒకరోజు పట్టుకుని చూసి, పరాయివాళ్ళ వంటింట్లో నిలబడ్డట్టుందయ్యా అంది. నేర్చుకోలేదని కాదు, నేర్చుకుంటుంది. ఈలోగా సుహైల్ తిరిగి వెళ్ళాక వచ్చే ఆదివారమే దివిసీమలో పెళ్ళి ఉంది, హంసలదీవి వెళ్ళే దారిలో. పెళ్ళికూతురి తల్లి తనే ఫోన్ చేసి, గజ్జెల కెమెరా ఆవిడ కావాలండీ అని అడిగింది. పేరు కూడా అడగలేదు. మీ అమ్మ వస్తానని మాటిచ్చింది.

నువ్వు మీ అమ్మనే నేరుగా అడుగు అని రాద్దామని కలం పెట్టి, ఆపేశాను. అడిగితే ఏమవుతుందో నాకు తెలుసు. ఒక్క మాట అనకుండా ఇచ్చేస్తుంది. మెత్తటి గుడ్డతో తుడుస్తుంది. షాపువాడు ధర తగ్గిస్తాడేమోనని ఆ గోళ్ళరంగు చుక్కలు కూడా దూదితో తుడిచేస్తుంది. ఆ దూది నన్నే అడుగుతుంది. తర్వాత నీకు ఫోన్ చేసి, మంచి పని చేశావు నాన్నా, నాకు మెడ నొప్పి తప్పింది అంటుంది. నాకు భయమల్లా అదేరా. కాదంటుందని కాదు.

అందుకని ఇలా చేశాను. బకిళ్ళు రెండూ ఈ కవర్లోనే, ఫోటో వెనక కాగితంలో చుట్టి పెట్టాను. సుహైల్ బయల్దేరేలోపు ఈ ఉత్తరం నీకు అందుతుంది. వాడు వచ్చి ఆ బకిళ్ళు నా చేతిలో పెడితే, ఇంకేమీ అడగను. నేను వేసిన కుట్టు నేనే విప్పి, బకిళ్ళు పెట్టి, కెమెరా వాడికి ఇచ్చి పంపుతాను. నీ మీద ఆవగింజంత కోపం కూడా పెట్టుకోను, నీది నువ్వు అడిగావు. మీ అమ్మకి ఏం చెప్పాలో కూడా నేనే చూసుకుంటాను. అబద్ధాలాడటంలో నాకున్న సర్వీసు నీకు తెలుసు.

వాడు ఒట్టి చేతులతో వస్తే, కడుపునిండా బిరియానీ పెట్టి, మీ అమ్మ చేత ఒక ఫోటో తీయించి పంపుతాను. గజ్జె మోగినప్పుడు వాడు ఎటు చూశాడో ఆ ఫోటోలో నీకే కనపడుతుంది. ఆ బకిళ్ళు అప్పుడు నీ దగ్గరే ఉంచుకో. ఎప్పుడైనా కొత్తది కొనుక్కుంటే, బెల్టు నేను కుట్టి పంపుతాను, విప్పుకోవడానికి వీలుగా.

వేళకి తిను.

ఇట్లు,
ఊరంతా నవ్వుతున్నా నోరు విప్పని
మీ నాన్న,
ఇమామ్ సాహెబ్.